తాకింది గడ్డనేనా?

ఊపిరితిత్తుల్లోకి గొట్టం దింపి చూసే విద్యకు నూట పాతికేళ్లు దాటాయి. ఆ చరిత్రను చెప్పుకునే తీరు దాదాపు ఎప్పుడూ ఒకటే: మొదట బిరుసైన లోహపు గొట్టం, తర్వాత వంగే గొట్టం, ఆపైన ఇంకా సన్నని గొట్టం, ఇప్పుడు రోబో నడిపే గొట్టం. ఒక్కో తరం ముందటి తరం కంటే కొన్ని సెంటీమీటర్లు లోతుకు వెళ్లిందని చెప్పి కథ ముగిస్తారు. అందులో తప్పేమీ లేదు గానీ అసలు చిక్కు ఎక్కడుందో ఆ కథ చెప్పదు. ఊపిరితిత్తి అంచున, కంటికి అందని చోట పెరిగిన గడ్డ నుంచి ముక్క తీయబోయే డాక్టరుకు రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. అక్కడికి చేరగలనా అన్నది ఒకటి. చేరింది అక్కడికేనా అన్నది రెండోది. మొదటి ప్రశ్నకు జవాబు దొరికిన ప్రతిసారీ వైద్యలోకం పండగ చేసుకుంది. ఫలితాలు నిలకడగా మెరుగుపడింది మాత్రం రెండో ప్రశ్నకు జవాబు దొరికిన సందర్భాల్లోనే. బ్రాంకోస్కోపీ బయాప్సీ చరిత్రను ఈ రెండో ప్రశ్న వైపు నుంచి చదవాలని నా వాదన. అలా చదివితే కొన్ని పెద్ద పేర్లు కాస్త వెనక్కి జరుగుతాయి, పెద్దగా వినపడని కొన్ని పేర్లు ముందుకొస్తాయి.

చిక్కు అర్థం కావాలంటే ముందు ఊపిరితిత్తి లోపలి దారి గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. శ్వాసనాళం ఛాతీలోకి దిగాక రెండుగా చీలుతుంది. ఆ రెండూ మళ్లీ చీలుతాయి. గాలితిత్తుల దాకా వెళ్లేసరికి సుమారు 23 చీలికలు ఉంటాయని 1963లో ఎవాల్డ్ వైబెల్ లెక్క కట్టారు. ఆసుపత్రుల్లో మామూలుగా వాడే బ్రాంకోస్కోపు మందం 5 నుంచి 6 మిల్లీమీటర్లు. నాలుగో ఐదో చీలిక దగ్గరికి వచ్చేసరికి నాళిక ఇరుకై గొట్టం ఆగిపోతుంది. గడ్డ అక్కడికి ఇంకా కొన్ని సెంటీమీటర్ల అవతల, ఊపిరితిత్తిని కప్పిన పొరకు దగ్గరలో ఉండవచ్చు. దాని సైజు ఒకటి రెండు సెంటీమీటర్లకు మించకపోవచ్చు. గొట్టం ఆగిన చోటు నుంచి ఫోర్సెప్స్‌ను ముందుకు తోస్తే అది కంటికి కనబడని చీలికల్లోకి వెళ్తుంది. ఒక్క చీలిక దగ్గర దారి తప్పినా గడ్డ పక్కనుంచి పోయి మంచి కణజాలాన్ని కొరికి తెస్తుంది. ఆ ముక్కలో క్యాన్సర్ లేదని ప్యాథాలజిస్టు రాసి ఇస్తే అది నిజమే, ఆ ముక్కలో లేదు. రోగిలో ఉందో లేదో మాత్రం ఆ కాగితం చెప్పలేదు. బయాప్సీలో తప్పు రిపోర్టు కంటే ప్రమాదకరమైనది ఇలాంటి నిజమైన రిపోర్టే.

1897లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో గుస్తాఫ్ కిలియాన్ తొలిసారి ఈ పని చేసినప్పుడు ఆ రెండు ప్రశ్నలూ విడివిడిగా లేవు. ఒక రైతు తింటుండగా పంది ఎముక ముక్క దారితప్పి కుడి శ్వాసనాళికలో ఇరుక్కుంది. కిలియాన్ కొకైన్‌తో గొంతును మొద్దుబార్చి, అన్నవాహికను చూడటానికి వాడే తిన్నని లోహపు గొట్టాన్ని శ్వాసనాళంలోకి దింపి, ఫోర్సెప్స్‌తో ఎముకను పట్టి బయటికి లాగారు. దాని వెనక నలభై ఏళ్లకు కాస్త ఎక్కువ కాలపు కూడిక ఉంది. 1854లో మాన్యుయేల్ గార్సియా అనే సంగీత గురువు చిన్న అద్దం సాయంతో తన స్వరపేటికను తానే చూసుకున్నారు. 1868లో అదే ఫ్రైబుర్గ్‌లో అడాల్ఫ్ కుస్‌మాల్ కత్తులు మింగే కళాకారుడి గొంతులో తిన్నని గొట్టం దిగుతుందని చూపించారు. 1884లో కార్ల్ కోలర్ కొకైన్ చుక్కలతో కంటిని మొద్దుబార్చవచ్చని కనుగొన్నారు. 1895లో బెర్లిన్‌లో ఆల్ఫ్రెడ్ కిర్‌స్టైన్ అద్దం లేకుండా స్వరపేటికను నేరుగా చూశారు. ఇవన్నీ కలిసి వచ్చిన చోట కిలియాన్ నిలబడ్డారు. అయితే ఆ పద్ధతిలోని అసలు బలం దాని తిన్నదనంలో ఉంది. డాక్టరు కన్ను, గొట్టం, ఫోర్సెప్స్ కొన, పట్టుకోవలసిన వస్తువు, నాలుగూ ఒకే గీత మీద ఉంటాయి. కన్ను చూసిన దాన్నే చెయ్యి పట్టుకుంటుంది. అక్కడ చేరడమూ, చేరానని తెలుసుకోవడమూ ఒకే క్షణంలో జరిగే పని. అమెరికాలో షెవాలియర్ జాక్సన్ గొట్టం కొనకు చిన్న దీపం అమర్చి ఈ విద్యను ఇంకా పదును పెట్టారు. పిన్నులు, గుండీలు, నాణేలు, గింజలు అంటూ ఆయన జనం గొంతుల్లోంచి, ఊపిరితిత్తుల్లోంచి తీసిన 2,000కు పైగా వస్తువులు ఫిలడెల్ఫియాలోని మ్యూటర్ మ్యూజియంలో సొరుగుల్లో సర్ది ఉన్నాయి. చూడగలిగితే తీయగలమన్న నమ్మకం ఆ తరానికి ఎంత సహజంగా కలిగిందో చెప్పడానికి ఆ సొరుగులు చాలు.

ఆ నమ్మకం క్యాన్సర్ విషయంలోనూ కొంతకాలం చెల్లింది. 1933 ఏప్రిల్‌లో సెయింట్ లూయిస్‌లో ఎవార్ట్స్ గ్రాహం ఒక ప్రసూతి వైద్యుడి ఎడమ ఊపిరితిత్తిని పూర్తిగా తీసేశారు. ఊపిరితిత్తి క్యాన్సర్‌కు మొత్తం ఊపిరితిత్తిని ఒకే విడతలో తీసి రోగిని బతికించిన తొలి ఆపరేషన్ అది. ఆ ధైర్యానికి ఆధారం బ్రాంకోస్కోపు ద్వారా తీసిన ముక్క. అందులో స్క్వామస్ కణాల క్యాన్సర్ ఉందని ముందే తేలింది. ఆ రోగి తనకు ఆపరేషన్ చేసిన సర్జన్ కంటే ఎక్కువ కాలం బతికారు. ఏళ్ల తరబడి సిగరెట్లు కాల్చిన గ్రాహం 1957లో అదే జబ్బుతో చనిపోయారు. సిగరెట్‌కూ ఊపిరితిత్తి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని 1950లో ఎర్న్‌స్ట్ వైండర్‌తో కలిసి లోకానికి చూపిన వారిలో ఆయనే ఒకరు కావడం చదివినవారిని కలచివేస్తుంది. మన ప్రశ్నకు సంబంధించినంత వరకు ఇక్కడ గమనించవలసింది గడ్డ ఉన్న చోటు. పొగతో పుట్టే స్క్వామస్ క్యాన్సర్ ఎక్కువగా పెద్ద నాళికల గోడల మీద పెరుగుతుంది, తిన్నని గొట్టానికి అందుతుంది. జబ్బు గొట్టం చూపులోనే ఉండటం వల్ల గొట్టం గొప్పగా కనిపించింది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి అంచున కనిపించే గుండ్రటి నీడల దగ్గర అదే గొట్టం నిస్సహాయంగా నిలిచిపోయేది. వాటి కోసం ఛాతీ తెరవాలి, లేదా బయటి నుంచి సూది గుచ్చాలి. బయటి సూది కూడా కొత్తదేమీ కాదు. 1883లో లేడెన్ న్యుమోనియాలో సూక్ష్మజీవుల కోసం ఛాతీ గోడలోంచి సూది గుచ్చారు, 1886లో మెనెట్రియే అదే దారిలో క్యాన్సర్‌ను గుర్తించారు. కానీ సూది ఊపిరితిత్తి పొరను చీల్చుకుని వెళ్లాలి. అక్కడ గాలి బయటికి చిమ్మి ఊపిరితిత్తి కుంగిపోయే ప్రమాదం, అంటే న్యూమోథొరాక్స్, ఆ పద్ధతిని మొదటి నుంచీ వెంటాడింది.

వంగే గొట్టం కథలో మన దేశస్థుడి పేరు ఒకటి ఉంది. పంజాబ్‌లోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ లండన్ ఇంపీరియల్ కాలేజీలో హెరాల్డ్ హాప్కిన్స్ దగ్గర పరిశోధన చేస్తూ, సన్నటి గాజు పోగులను కట్టగా కట్టి ఒక కొసన ఉన్న బొమ్మను రెండో కొసకు చేర్చవచ్చని చూపించారు. ఆ పరిశోధన 1954 జనవరిలో నేచర్ పత్రికలో వచ్చింది. మూడేళ్లలో మిషిగన్‌లో బాసిల్ హిర్షోవిట్జ్ బృందం దానితో కడుపులోకి చూసే స్కోపు చేసింది. 1960ల్లో టోక్యోలోని జాతీయ క్యాన్సర్ కేంద్రంలో పనిచేస్తున్న షిగెటో ఇకెడా ఆ గాజు పోగుల కట్టను శ్వాసనాళికలకు సరిపోయేలా సన్నగా చేయించాలని మచిడా, ఒలింపస్ కంపెనీల వెంట పడ్డారు. 1966లో కోపెన్‌హేగన్ సదస్సులో దాన్ని ప్రపంచానికి చూపించారు. ఆ తర్వాతి దశాబ్దంలోనే బ్రాంకోస్కోపీ ఆపరేషన్ థియేటర్ దాటి వచ్చింది. మత్తు ఇవ్వకుండా, గొంతు మొద్దుబార్చి, అవుట్ పేషెంట్ రోగికి చేసే పరీక్ష అయింది. ఇకెడాకు దక్కిన గౌరవం పూర్తిగా న్యాయమైనది. అయితే వంగే గొట్టం వచ్చిన రోజే కిలియాన్ నాటి ఒకే గీత తెగిపోయింది. గొట్టం కొనలో కన్ను ఉంది, కానీ ఫోర్సెప్స్ ఆ కన్ను దాటి, చూపు అందని లోతుకు వెళ్తోంది. చేరే దూరం పెరిగిన కొద్దీ చేరామన్న నిశ్చయం తగ్గింది. ఆ రోజుల రాతల్లో చేరే దూరం గురించిన సంతోషమే పొంగిపొర్లుతుంది. తగ్గిన నిశ్చయం గురించి ఎక్కువగా ఆలోచించినవారు జపాన్‌లోనే మరికొందరు. వారిలో ఎయిటాకా త్సుబోయి ఒకరు. గడ్డకూ దాని దగ్గరికి వచ్చే నాళికకూ ఉన్న సంబంధం ఎన్ని రకాలుగా ఉంటుందో ఆయన 1967లో వర్గీకరించి రాశారు. నాళిక నేరుగా గడ్డలోకి వెళ్తుందా, గడ్డ దాన్ని చుట్టుముట్టిందా, బయటి నుంచి నొక్కి మూసేసిందా అన్నదాన్ని బట్టే నాళిక లోపలి నుంచి వెళ్లే పరికరానికి గడ్డ దొరకడమో, దొరక్కపోవడమో ఉంటుంది. నలభై ఏళ్ల తర్వాత సీటీ స్కాన్లు చూస్తూ డాక్టర్లు తిరిగి కనుగొన్నది ఇదే. నావిగేషన్ పరికరంతో చేసిన బయాప్సీల మీద 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో, స్కానులో నాళిక గడ్డలోకి వెళ్తున్నట్టు కనిపించినవారిలో 79 శాతం మందికి జవాబు దొరికింది, అలా కనిపించనివారిలో 31 శాతానికే.

ఇకెడా తర్వాత పాతికేళ్ల పాటు కనబడని కొనకు తోడుగా నిలిచింది ఫ్లోరోస్కోపీ, అంటే కదిలే ఎక్స్‌రే. అది లోతు లేని బొమ్మ చూపిస్తుంది. ఫోర్సెప్స్ గడ్డ మీద ఉన్నట్టు తెర మీద కనిపించినా నిజానికి దాని ముందో వెనకో ఉండవచ్చు. చిన్న గడ్డ తెర మీద అసలు కనిపించకపోవచ్చు కూడా. ఆ కాలపు అధ్యయనాలన్నీ కూడి అమెరికన్ ఛాతీ వైద్యుల సంఘం మార్గదర్శకాలు ఇచ్చిన అంకెలు నిర్దాక్షిణ్యంగా ఉన్నాయి. అంచున ఉన్న గడ్డ 2 సెంటీమీటర్ల కంటే పెద్దదైతే బ్రాంకోస్కోపీ 63 శాతం మందిలో క్యాన్సర్‌ను పట్టగలిగింది, అంతకంటే చిన్నదైతే 34 శాతం మందిలోనే. అంటే చిన్న గడ్డ ఉన్న ప్రతి ముగ్గురు క్యాన్సర్ రోగుల్లో ఇద్దరి ముక్కల్లో క్యాన్సర్ కనబడలేదు. ఈలోగా జబ్బు కూడా చోటు మార్చింది. ఫిల్టర్ సిగరెట్ల పొగను జనం ఇంకా లోతుగా పీల్చడం ఒక కారణమని చాలామంది పరిశోధకులు భావిస్తారు. కారణం ఏదైనా, పెద్ద నాళికల్లో పెరిగే స్క్వామస్ క్యాన్సర్ వెనకబడి, అంచుల్లో పెరిగే అడినోకార్సినోమా ముందుకొచ్చింది. దాని మీద సీటీ స్కాన్ వచ్చి పడింది. 2011లో అమెరికా జాతీయ స్క్రీనింగ్ పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. ఎక్కువగా పొగతాగినవారికి తక్కువ మోతాదు సీటీ తీస్తే ఊపిరితిత్తి క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గుతాయని తేలింది. అదే పరీక్షలో అనుమానాస్పదంగా కనిపించిన నీడల్లో 96 శాతానికి పైగా క్యాన్సర్ కానివే. నీడలు వేలల్లో దొరుకుతున్నాయి, వాటిలో అత్యధికం నిరపాయకరమైనవి, కొన్ని ప్రాణాంతకమైనవి. ఏది ఏదో చెప్పవలసిన పరికరం మాత్రం చిన్న గడ్డల దగ్గర మూడింట ఒక్కసారే జవాబిస్తోంది. గత ఇరవై ఏళ్ల ఉరుకులాటకు కారణం ఈ పొంతన లేనితనమే.

నా వాదనకు అన్నిటికంటే బలమైన సాక్ష్యం గడ్డల నుంచి కాక, వాటి పక్కనే ఉండే లింఫు గ్రంథుల నుంచి దొరుకుతుంది. క్యాన్సర్ ఛాతీ మధ్యలోని లింఫు గ్రంథులకు పాకిందా లేదా అన్నదాన్ని బట్టి ఆపరేషన్ చేయాలా వద్దా అన్నది తేలుతుంది. అర్జెంటీనాలో షియెపాటి 1949లోనే తిన్నని గొట్టంలోంచి శ్వాసనాళం గోడ గుండా సూది గుచ్చి గ్రంథుల నుంచి కణాలు తీశారు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో కో పెన్ వాంగ్ 1978లో ఆ పద్ధతికి మళ్లీ ప్రాణం పోశారు, 1980ల మొదట్లో వంగే స్కోపులోంచి పోయే సూది తయారుచేశారు. చేరే సమస్య అక్కడితో తీరిపోయింది. సూది ఉంది, గ్రంథి నాళిక గోడకు ఆనుకునే ఉంది, దూరం కొన్ని మిల్లీమీటర్లు. అయినా ఇరవై ఏళ్ల పాటు చాలామంది డాక్టర్లు ఆ సూదిని ముట్టుకోలేదు. గోడ అవతల ఏముందో కనబడదు, పక్కనే పెద్ద రక్తనాళాలు ఉంటాయి, గుచ్చింది గ్రంథిలోనో కాదో తెలియదు. గ్రంథుల సంగతి తేల్చడానికి మెడ కింద కోసి చూసే మీడియాస్టినోస్కోపీనే ప్రమాణంగా నిలిచింది. ఆ తర్వాత జపాన్‌లోని చిబా విశ్వవిద్యాలయంలో కజుహిరో యసుఫుకు బృందం స్కోపు కొనకు అల్ట్రాసౌండ్ బిగించి, సూది గ్రంథిలోకి దిగుతుండగా తెర మీద చూస్తూ గుచ్చడం మొదలుపెట్టింది. ఆ ఫలితాలు 2004లో వచ్చాయి. పదేళ్లలో ప్రపంచమంతా ఆ పద్ధతికి మారిపోయింది, గ్రంథుల పరీక్షలో కత్తి కంటే ముందు సూదినే వాడాలని మార్గదర్శకాలు రాశాయి. సూది పాతదే, దారి పాతదే, దూరం అంతే. కొత్తగా చేరింది ఒక్కటే, సూది కొన ఎక్కడుందో కనబడటం. ఒకే పని, ఒకే పరికరం, చూపు లేనప్పుడు ఒక ఫలితం, చూపు వచ్చాక మరో ఫలితం. చరిత్రలో ఇంత శుభ్రమైన పోలిక దొరకడం అరుదు.

అంచున ఉండే గడ్డల విషయంలో అదే పాత్ర పోషించింది రేడియల్ అల్ట్రాసౌండ్. 1992లో జర్మనీలో హ్యూర్టర్, హాన్‌రాత్ నాళికల్లోకి సన్నటి అల్ట్రాసౌండ్ కడ్డీని పంపి చుట్టూ ఉన్నదాన్ని బొమ్మ కట్టారు. ఆ కడ్డీ చుట్టూ గాలి ఉంటే తెర మంచు కురిసినట్టు తెల్లగా మెరుస్తుంది, గట్టి కణజాలం ఉంటే నల్లటి వలయం కనబడుతుంది. జపాన్‌కు చెందిన నోరియాకి కురిమోటో దానికి సన్నటి తొడుగు జోడించారు. కడ్డీతో గడ్డను కనుక్కుని, తొడుగును అక్కడే ఉంచి, కడ్డీని తీసి, అదే తొడుగులోంచి ఫోర్సెప్స్ పంపాలి. దొరికిన చోటు చెయ్యి జారకుండా పట్టుకునే ఉపాయం అది. 2004లో ఆయన ప్రచురించిన 150 గడ్డల లెక్కలో ఒక అంకె ఈ చరిత్ర మొత్తాన్నీ చెబుతుంది. కడ్డీ గడ్డ నడిమధ్యలో ఉన్నప్పుడు 87 శాతం మందిలో జవాబు దొరికింది. కడ్డీ గడ్డకు పక్కన ఆనుకుని మాత్రమే ఉన్నప్పుడు 42 శాతానికి పడిపోయింది. రెండు సందర్భాల్లోనూ పరికరం చేరింది. ఇంటి దాకా వచ్చి గోడ పక్కన నిలబడటానికీ గడప దాటి లోపలికి వెళ్లడానికీ ఉన్న తేడా ఆ 45 శాతం.

సరిగ్గా అదే కాలంలో చేరడం అనే పాత మోజు కొత్త రూపంలో తిరిగొచ్చింది. ఇజ్రాయెల్‌కు చెందిన సూపర్‌డైమెన్షన్ కంపెనీ విద్యుదయస్కాంత నావిగేషన్‌ను తెచ్చింది. ముందురోజో, వారం ముందో తీసిన సీటీ స్కాన్ నుంచి నాళికల పటం గీస్తారు. రోగిని అయస్కాంత క్షేత్రం పుట్టించే పలక మీద పడుకోబెట్టి, కొనలో సెన్సర్ ఉన్న తీగను లోపలికి పంపుతారు. తీగ ఎక్కడుందో పటం మీద చుక్కలా కనబడుతుంది, గడ్డ ఎంత దూరంలో ఉందో మిల్లీమీటర్లలో చెబుతుంది. ఇంత స్పష్టంగా దారి చూపే పరికరం వచ్చాక ఇక సమస్య తీరినట్టేనని చాలామంది అనుకున్నారు. 2007లో హైడెల్‌బర్గ్‌లోని రాల్ఫ్ ఎబర్‌హార్ట్, తోటివారు రోగులను చీటీ వేసినట్టు మూడు గుంపులుగా విడదీసి పోల్చారు. ఒక్క అల్ట్రాసౌండ్‌తో 69 శాతం, ఒక్క నావిగేషన్‌తో 59 శాతం, రెండూ కలిపితే 88 శాతం. పటం ఒక్కటే ఉన్నప్పుడు వచ్చిన ఫలితం చూపు ఒక్కటే ఉన్నప్పటి కంటే తక్కువ. పటానికి చూపు తోడైతేనే ఎత్తుకు చేరింది. కారణం శరీరంలోనే ఉంది. సీటీ తీసేటప్పుడు రోగి ఊపిరి నిండా పీల్చి బిగబడతాడు. బయాప్సీ సమయంలో మత్తులో సన్నగా ఊపిరి తీస్తుంటాడు, ఊపిరితిత్తి కింది భాగాలు కొంత ముడుచుకుపోతాయి. గడ్డ పటంలో ఉన్న చోటు నుంచి సెంటీమీటరో రెండు సెంటీమీటర్లో జరిగిపోతుంది. పటం మీద చుక్క గడ్డలోనే మెరుస్తుంటుంది, తీగ మాత్రం మంచి ఊపిరితిత్తిలో ఉంటుంది.

2016లో వచ్చిన ఆక్వైర్ రిజిస్ట్రీ ఫలితాలు ఈ రంగాన్ని కుదిపేశాయి. అమెరికాలోని 15 కేంద్రాల్లో 581 మంది రోగుల వివరాలను డేవిడ్ ఓస్ట్ బృందం లెక్క వేసింది. మొత్తం మీద జవాబు దొరికింది 53.7 శాతం మందికే. ఏ కొత్త పరికరమూ లేకుండా చేసినప్పుడు 63.7 శాతం, అల్ట్రాసౌండ్ మాత్రమే వాడినప్పుడు 57 శాతం, నావిగేషన్ మాత్రమే వాడినప్పుడు 38.5 శాతం. ఇక్కడ నా వాదనకు రెండు గట్టి అభ్యంతరాలు వస్తాయి. కష్టమైన గడ్డలకే డాక్టర్లు ఖరీదైన పరికరం వాడతారు కాబట్టి ఫలితం తక్కువ రావడం పరికరం తప్పు కాదన్నది మొదటిది. ఈ మాట నిజమే. రిజిస్ట్రీ చీటీ వేసి విడదీసిన ప్రయోగం కాదు, దాన్ని బట్టి నావిగేషన్ పనికిరాదని తేల్చడం అన్యాయం. అదే కారణంతో రెండో అభ్యంతరాన్ని కూడా ఒప్పుకోవాలి: ఆ లెక్కలో అల్ట్రాసౌండ్ కూడా ఏ పరికరమూ లేని పద్ధతి కంటే వెనకబడింది కదా, మరి చూపు ఏం సాధించినట్టు? సులువైన గడ్డలు పాత పద్ధతికి, కష్టమైనవి కొత్త పద్ధతులకు వెళ్లినప్పుడు ఈ అంకెలు పరికరాలను పోల్చలేవు, ఎవరి వైపూ సాక్ష్యం చెప్పలేవు. నేను ఆక్వైర్‌ను అందుకు వాడటం లేదు. పెద్ద కేంద్రాలు ప్రచురించే ఫలితాలకూ మామూలు ఆసుపత్రుల రోజువారీ పనికీ మధ్య ఎంత దూరం ఉందో అది బయటపెట్టింది. పరికరం కొనడంతో పని అయిపోలేదని చెప్పింది. పోలికకు మాత్రం ఎబర్‌హార్ట్ ప్రయోగం, కురిమోటో లెక్క, వాంగ్ సూది చరిత్ర నిలబడతాయి. ఆ మూడూ ఒకే వైపు చూపిస్తున్నాయి.

ఇంకా పెద్ద అభ్యంతరం రేడియాలజిస్టుల నుంచి వస్తుంది. సీటీ చూస్తూ ఛాతీ బయటి నుంచి సూది గుచ్చితే జవాబు ఎప్పుడూ ఎక్కువసార్లే దొరికేది. 1970ల నుంచి ఆ పద్ధతి ఉంది, సూది కొన గడ్డలో ఉన్నట్టు సీటీలో కళ్లారా కనబడుతుంది. నిశ్చయమే ముఖ్యమైతే లోపలి దారి పట్టుకుని ఇంత తిప్పలు ఎందుకు? ఈ ప్రశ్న న్యాయమైనదే కాదు, నా వాదనను ఒక రకంగా బలపరుస్తుంది కూడా. బయటి సూది గెలిచింది దగ్గరి దారి వల్ల కాదు, ప్రతి గుచ్చుడునూ స్కానుతో సరిచూసుకోవడం వల్ల. లోపలి దారికి అదే సరిచూపు దొరికితే ఏమవుతుందో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. 2018లో మొనార్క్, 2019లో అయాన్ అనే రోబో పరికరాలకు అమెరికాలో అనుమతి దొరికింది. వాటితో పాటు పరీక్ష బల్ల మీదే, ఫోర్సెప్స్ లోపల ఉండగానే గడ్డను మూడు కోణాల్లో చూపే కోన్ బీమ్ సీటీ, దాని చవక తోబుట్టువులాంటి డిజిటల్ టోమోసింథసిస్ వాడకంలోకి వచ్చాయి. రోబో చేతికి స్థిరత్వం ఉంది, వంపు తిరిగిన చోట జారిపోదు, అది చిన్న మేలు కాదు. అయితే ముందటి స్కాను జరిగిపోయిన గడ్డ గురించి చెప్పే అబద్ధాన్ని సరిదిద్దేది ఆ బల్ల మీది బొమ్మే. 2025లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెరిటాస్ ప్రయోగం వచ్చింది. ఏడు అమెరికన్ కేంద్రాల్లో, 10 నుంచి 30 మిల్లీమీటర్ల గడ్డలున్న 234 మందిలో నావిగేషన్ బ్రాంకోస్కోపీని బయటి సూదితో చీటీ వేసి పోల్చారు. ఏడాది గడిచాక కూడా సరైనదని నిలబడిన జవాబు బ్రాంకోస్కోపీలో 79 శాతం, బయటి సూదిలో 73.6 శాతం. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం బ్రాంకోస్కోపీలో 3.3 శాతం, బయటి సూదిలో 28.3 శాతం. కచ్చితత్వంలో సమానమైతే ప్రమాదంలో ఎనిమిది రెట్ల తేడా ఉన్న దారిని ఎవరైనా ఎందుకు ఎంచుకోవాలి? కొన్ని గడ్డలు పొరకు అంటుకునే ఉంటాయి, వాటికి ఇప్పటికీ బయటి సూదే సులువు. మిగతా వాటి విషయంలో పాత వాదన చెల్లదని నా అభిప్రాయం.

వెరిటాస్‌లో నాకు అంకెల కంటే విలువైనదిగా తోచింది జవాబును లెక్కపెట్టిన తీరు. రోగిని ఏడాది పాటు వెంబడించి, బయాప్సీ చెప్పింది నిజమో కాదో చూశాక గానీ మార్కు వేయలేదు. అంతకు ముందు చాలా అధ్యయనాల్లో ముక్కలో ఏదో వాపు కనిపిస్తే చాలు, క్యాన్సర్ లేదన్న జవాబు దొరికినట్టే జమకట్టారు. గడ్డ పక్కన ఉన్న ఊపిరితిత్తిలో వాపు ఉండటం మామూలే. అంటే గురి తప్పిన బయాప్సీ కూడా విజయాల ఖాతాలో పడే వీలుంది. చేరామో లేదో తెలుసుకునే కష్టం లోపల ఎంత ఉందో కాగితం మీద కూడా అంతే ఉందన్నమాట. ఆ లెక్క మీద కఠినమైన నిర్వచనం ఉండాలని అమెరికన్ థొరాసిక్ సొసైటీ, అమెరికన్ ఛాతీ వైద్యుల సంఘం కలిసి 2024లో ఒక ఏకాభిప్రాయ ప్రకటన తెచ్చాయి. ఇది ఏ రోబోకూ తీసిపోని అడుగు.

మన దేశంలో ఈ చర్చకు ఇంకో బరువు ఉంది. ఇక్కడ ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మీద మచ్చ కనిపిస్తే ముందుగా గుర్తొచ్చేది టీబీ, గుర్తు రావలసిందీ అదే. కానీ బయాప్సీలో ఏమీ తేలలేదన్న మాట వచ్చాక అనుమానం మీదే టీబీ మందులు మొదలుపెట్టి నెలల తరబడి వాడిన తర్వాత, గడ్డ పెరిగాక, క్యాన్సర్ అని బయటపడిన రోగుల గురించి భారతీయ ఛాతీ వైద్యులు ఏళ్లుగా రాస్తూనే ఉన్నారు. ఏమీ తేలలేదు అన్న మాటకు గడ్డలోంచి తీసిన ముక్కలో ఏమీ లేదనే అర్థం ఉందా, గడ్డే తగల్లేదనే అర్థం ఉందా అన్నది ఆ రోగికి ప్రాణం మీది ప్రశ్న. కణజాలం ఎంత తీశారన్నది కూడా ఇప్పుడు కొత్త విలువ సంతరించుకుంది. 2004లో ఈజీఎఫ్ఆర్ జన్యు మార్పులు కనుగొన్నాక, క్యాన్సర్ అని చెప్పడంతో ప్యాథాలజిస్టు పని ముగియడం లేదు. ఏ మందు పనిచేస్తుందో చెప్పడానికి జన్యు పరీక్షలకు సరిపడా కణాలు కావాలి. ఆ మార్పులు ఆసియా రోగుల్లో, ముఖ్యంగా పొగతాగనివారిలో ఎక్కువ కాబట్టి మన రోగుల విషయంలో ఈ అవసరం ఇంకా ఎక్కువ. గడ్డ అంచున గీరిన నాలుగు కణాలు దానికి చాలవు. చుట్టూ ఉన్న కణజాలాన్ని గడ్డకట్టించి అంటించుకుని లాగే 1.1 మిల్లీమీటర్ల క్రయోప్రోబ్‌లు అందుకే ఆదరణ పొందుతున్నాయి. పక్కన ఆనుకున్న గడ్డ నుంచి కూడా అవి తగినంత ముక్క తేగలవు, కురిమోటో లెక్కలోని 42 శాతాన్ని కొంత పైకి జరపగలవు.

అందువల్ల ఒక ఛాతీ విభాగానికి పరిమితమైన డబ్బు ఉండి, ఏది ముందు కొనాలి అన్న ప్రశ్న వస్తే ఈ చరిత్ర ఒక వరుసను సూచిస్తుంది. ముందు గ్రంథులకు సూదిని చూపించే అల్ట్రాసౌండ్ స్కోపు. తర్వాత అంచు గడ్డలకు రేడియల్ కడ్డీ, తొడుగు. రోబో ఆ తర్వాత, అదీ బల్ల మీద సరిచూసే స్కాను జతగా ఉంటేనే. వీటన్నిటికంటే తక్కువ ఖర్చుతో అమర్చుకోగలిగినది ఇంకొకటి ఉంది. ముక్క తీసిన వెంటనే గాజు పలక మీద పులిమి, కొన్ని నిమిషాల్లో రంగు వేసి, పరీక్ష గదిలోనే మైక్రోస్కోపు కింద చూసే ప్యాథాలజిస్టో, శిక్షణ పొందిన టెక్నీషియనో. లింఫు గ్రంథుల విషయంలో దీనివల్ల జవాబు దొరికే శాతం పెద్దగా మారలేదని, అదనపు గుచ్చుళ్లు, అదనపు పరీక్షలు తగ్గాయని 2013లో జపాన్ నుంచి వచ్చిన చీటీ ప్రయోగం చూపించింది. అంచు గడ్డల దగ్గర దాని ఉపయోగం ఇంకా ఎక్కువని నేననుకుంటాను. అక్కడ గురి తప్పడం తరచుగా జరుగుతుంది. తప్పిన సంగతి రోగి ఇంకా బల్ల మీద ఉండగానే తెలిస్తే, తొడుగును ఒక చీలిక వెనక్కి లాగి పక్క నాళికలోకి పంపి మళ్లీ ప్రయత్నించడానికి డాక్టరుకు సమయం ఉంటుంది.